ఆకలిగా లేదని అబద్ధమాడకు చెల్లాయ్

రా చెల్లాయ్, కూర్చో. అల్లం దంచి టీ పెట్టాను, ముందు ఒక గుక్క తాగు. అమెరికా ప్రయాణం పెట్టుకున్నావని తెలిసినప్పటి నుంచి చూస్తున్నా, నీ మొహంలో సంతోషం ఎంతుందో బెంగా అంతే ఉంది. "పెట్టెలు సర్దడం సంగతి ఎలాగో చూసుకుంటానక్కా, మధ్యలో డల్లస్‌లో దిగి నాలుగు గంటలు ఆగాలట. అక్కడ ఏం తినను?" అన్నావు చూడు, అది చిన్న ప్రశ్నేం కాదు. మనలో ఎంతమందిమి ఆ బెంగను చేతిసంచీలో పెట్టుకునే విమానం ఎక్కుతామో!

ముందు ఆ నాలుగు గంటలు ఎటు పోతాయో చెప్తాను విను. అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే అక్కడే ఇమిగ్రేషన్. అవతల ఇంకో విమానం ఎక్కాల్సి ఉన్నా సరే, సాధారణంగా పెట్టెలు అక్కడే బెల్టు మీంచి దింపుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ వాళ్లకు అప్పగించాలి. ఆ తర్వాత మళ్లీ సెక్యూరిటీ లైను. అన్నీ ముగించుకుని గేటు దగ్గరికి చేరేసరికి నాలుగు గంటలు కాస్తా గంటన్నరకు వస్తాయి. ఒళ్లు హూనం. ఇంట్లో అయితే ఈపాటికి రెండుసార్లు భోంచేసి ఉండేవాళ్లం. సరిగ్గా అప్పుడే వెల్లుల్లి, సోయా సాస్ కలిసి వేగుతున్న వాసన ముక్కుకు తగులుతుంది.

తలెత్తి చూస్తే బర్గర్ల కొట్టు, కాఫీ కొట్టు, పిజ్జా కొట్టు, ఆ పక్కన ఏషియన్ ఫుడ్ కౌంటర్. అద్దం వెనక వరసగా స్టీలు ట్రేలు. ఒకదాంట్లో ఫ్రైడ్ రైస్, ఒకదాంట్లో నూడుల్స్, ఒకదాంట్లో బ్రోకలీ, ఇంకోదాంట్లో నిగనిగలాడుతున్న నారింజ రంగు ముక్కలు. మనసు లాగుతుంది, వెంటనే బుద్ధి జుట్టు పట్టుకుని వెనక్కి ఈడుస్తుంది. ఏ మాంసం కలిసిందో! కడుపు పాడైతే గాల్లో ఏం గతి? అయినా ఒక ప్లేటు పదిహేను డాలర్లేమిటి, మన డబ్బుల్లో వెయ్యి దాటదూ! ఇన్ని అనుకుని చివరికి పక్కనున్న వాళ్లతో ఏమంటాం? "నాకు ఆకలిగా లేదులే, మీరు తినండి."

అదిగో, ఆ మాట దగ్గరే నీతో నాకు పేచీ. పిల్లలకు పెట్టి, ఆయనకు పెట్టి, గిన్నె అడుగున మిగిలింది మనం తినడం ఇంట్లో అలవాటైపోయింది. ఇంట్లో అయితే గంట తర్వాత ఓ అరటిపండో, గుప్పెడు అటుకులో నోట్లో వేసుకుంటాం. ఎయిర్‌పోర్టులో ఆ గంట తర్వాత విమానంలో ఉంటాం. ఖండాలు దాటే విమానంలో భోజనం పెట్టారు కదా అని ఇక్కడా పెడతారనుకోకు. అమెరికాలో ఊరి నుంచి ఊరికి తిరిగే విమానాల్లో మామూలు టికెట్టుకు ఒక చిన్న బిస్కెట్ పొట్లం, గ్లాసుడు జ్యూసు ఇస్తే ఇచ్చినట్టు. మీ అమ్మగారో అత్తగారో షుగరు మాత్ర వేసుకునే మనిషైతే ఖాళీ కడుపుతో కూర్చోబెట్టడం మరీ ప్రమాదం, కళ్లు తిరిగి పడిపోతారు. కాబట్టి మొదటి మాట "నాకు ఆకలిగా ఉంది" అని ఒప్పుకోవడం. ఇక్కడే తినాలా, ఇంకోచోటా అన్నది రెండో మాట. ఆకలి ఉందని ఒప్పుకుంటేనే దాన్ని తీరికగా చూడగలం.

ఇక ఆ రెండో మాటకొద్దాం. టైం ఎంతుందో ముందు చూసుకో. టికెట్ మీద రాసింది విమానం బయల్దేరే టైం. చాలా అమెరికా విమానాలకు అంతకు 15 నిమిషాల ముందే గేటు తలుపు మూసేస్తారు, ఎక్కించడం ఇంకా ముందే మొదలవుతుంది. అందుకని ముందు నీ గేటు ఎక్కడుందో కళ్లతో చూసి, ఆ తర్వాత తిండి వైపు నడువు. బయల్దేరడానికి గంట పైన ఉంటే నిమ్మళంగా కూర్చుని తిను. ముప్పావుగంటే ఉంటే కట్టించుకుని గేటు దగ్గర తిను. అరగంటే ఉంటే ఆ కౌంటర్‌కో దణ్ణం పెట్టి, పక్క కొట్లో అరటిపండు కొనుక్కుని పరుగెత్తు. ఇందులో మొహమాటం లేదు.

టైం ఉందనుకుందాం. వెంటనే లైన్లో దూరిపోకు. రెండు నిమిషాలు పక్కన నిలబడి చూడు. కూరల బజారులో వంకాయ ముచ్చిక చూసి లేతదో ముదురుదో పట్టేసే మనకు ఇదేం కష్టం? ట్రేలోంచి ఆవిరి లేస్తోందా? నూడుల్స్ అంచుల్లో ఎండి తీగల్లా బిగుసుకుపోయాయా? పులుసు మీద పాల మీగడలా పొర కట్టిందా? లోపలి నుంచి కొత్త ట్రే ఎంతసేపటికి వస్తోంది? జనం ఎక్కువున్న కౌంటర్‌ను చూసి విసుక్కోకు చెల్లాయ్, ట్రే ఖాళీ అయ్యే చోటే వేడి తిండి దొరుకుతుంది. పిలిచి పిలిచి పెడుతున్నా ఎవరూ నిలబడని చోట ఆ అన్నం ఎప్పటిదో ఎవరికి తెలుసు?

దీనికో లెక్క ఉంది. అమెరికాలో తిండికీ మందులకూ నియమాలు పెట్టే ఎఫ్‌డీఏ వాళ్ల ఫుడ్ కోడ్ ప్రకారం వేడిగా ఉంచాల్సిన వంటకం 57 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు, చల్లగా ఉంచాల్సింది 5 డిగ్రీలు దాటకూడదు. మధ్యలో గోరువెచ్చగా ఉండేదే క్రిములకు పండగ. అందరూ మాంసం గురించే భయపడతారు గానీ అన్నం కూడా తక్కువదేం కాదు. బియ్యంలో బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలుంటాయి. అవి ఉడికించినా చావవు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా పడుంటే అవి పెరిగి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు, ఆరు గంటల్లోపే వాంతులు పట్టుకుంటాయి. అంటే సరిగ్గా నువ్వు గాల్లో ఉన్నప్పుడు! మా అమ్మమ్మ గిన్నె మూత తీసి వాసన చూసి గానీ రాత్రి అన్నం వడ్డించేది కాదు. ఈ విషానికి వాసన కూడా ఉండదు, అందుకే ఆవిరి చూడమంటున్నా. ఆవిరి లేదా, వద్దు. అంతే.

ఇప్పుడు అసలు బెంగ. అందులో ఏం కలిసింది?

దీనికి నా కథే చెప్తాను, నవ్వకూడదు మరి. ఆ మధ్య మా అత్తయ్యను తీసుకుని మా ఆడపడుచు దగ్గరికి వెళ్లాను. అత్తయ్య పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టలేదు. దారిలో ఓ ఎయిర్‌పోర్టులో ఇలాంటి కౌంటరే, పేరెందుకులే. నేను మహా తెలివిగా "వెజిటబుల్ ఫ్రైడ్ రైస్?" అని వేలు చూపించాను. ఆ అబ్బాయి తలూపి నిండుగా వడ్డించాడు. అత్తయ్య పాపం, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదేమో, సగం పైగా ఇష్టంగా తినేసింది. అప్పుడు ప్లాస్టిక్ ఫోర్కుతో ఓ పసుప్పచ్చ తునకను పైకెత్తి, వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది. "అమ్మాయ్, పెసరపప్పు ఇంత పెద్దగా ఉంటుందేమిటే ఈ దేశంలో?"

నా గుండె జారిపోయింది. కోడిగుడ్డు! తప్పు ఆ అబ్బాయిదా? కాదు. కూరగాయలున్నాయా అని అడిగాను, ఉన్నాయన్నాడు. గుడ్డుందా అని అడగలేదు, చెప్పలేదు. మన దేశంలో పాకెట్ మీద పచ్చచుక్క ఉందంటే గుడ్డు కూడా లేదని అర్థం. ఆ పచ్చచుక్క అలవాటులో 'వెజ్' అన్న ఒక్క మాటతో పని జరిగిపోతుందనుకుంటాం. అక్కడ ఆ మాటకు మనిషికో అర్థం. చికెన్ ఉడికించిన నీళ్లు పోసినా పైకి ముక్క కనబడదు కదా, వెజ్జే అనుకునేవాళ్లున్నారు. ఆయిస్టర్ సాస్ అంటే ఆల్చిప్పల రసం. ఫిష్ సాస్ అంటే ఉప్పులో ఊరిన చేపల రసం. నూడుల్స్ పిండిలో గుడ్డు కలపడమూ మామూలే.

అందుకని అడిగే పద్ధతి మార్చుకుందాం. 'వెజ్' అనకు. "నో మీట్, నో ఎగ్, నో ఫిష్, నో చికెన్ బ్రాత్" అని ఒక్కొక్కటీ విడివిడిగా అను. ఇంగ్లిషు రాదని సిగ్గుపడకు, ఆ కౌంటర్ వెనక ఉన్నవాళ్లలో చాలామంది కూడా ఇంకో భాష మాట్లాడుతూ పెరిగినవాళ్లే. ఫోన్‌లో రాసి పెట్టుకుని చూపించినా చాలు. బీఫ్ తినని వాళ్లం బోర్డు మీది పేరు చివరిదాకా చదవాలి. ముందు ఏ ఊరి పేరో ఉంటుంది, వెనకాల 'బీఫ్' ఉంటుంది. పోర్క్ తినని వాళ్లకూ అదే మాట. వేరుశనగ, నువ్వులు, రొయ్యలు పడని పిల్లలుంటే ఆ సంగతి అన్నిటికంటే ముందు చెప్పు. చెప్పాక ఆ మనిషి తడబడి, "అనుకుంటా" అన్నట్టు మొహం పెడితే థాంక్యూ చెప్పి పక్కకొచ్చేయ్. అనుమానంతో తింటే అమృతమైనా అరగదు.

ఇంకో మాట కూడా ఉంది. అదే బాణలి, అదే గరిటె. చికెన్ ట్రేలోని గరిటె పొరపాటున బ్రోకలీలో పడటం నేను చూశాను. అది నీకు పట్టింపా కాదా అన్నది నీ ఇష్టం, అందులో ఎవరూ నీకు చెప్పేదేం లేదు. పట్టింపు ఉంటే తెల్లన్నమే దిక్కు, లేదా అసలు వద్దు. పట్టింపు లేకపోతే ఇంకొకరు ఏదో అంటారని లేని పట్టింపు తెచ్చుకుని పస్తులుండకు. ప్రయాణంలో ఎంతవరకు సర్దుకుంటావో ఇంట్లో ఉండగానే తేల్చుకో, ఆకలి మీదున్నప్పుడు కాదు.

మా అత్తయ్య ఏమందని అడగవేం? నోరు కడుక్కుని వచ్చి, కాసేపు మాట్లాడకుండా కూర్చుని, "నువ్వు చెప్పకముందు బాగానే ఉందే, చెప్పాకే తిప్పుతోంది" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

సరే, నీ మొహంలో ఇంకో ప్రశ్న కనబడుతోంది. అజినొమోటో కదూ? అది వేస్తారు, తలనొప్పి వస్తుంది, ఒంటికి మంచిది కాదు అని మనం పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాం! అసలు సంగతి విను. జపాన్‌లో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త 1908లో సముద్రపు నాచు చారులో ఆ రుచి ఎక్కడిదా అని వెతికి గ్లుటమేట్‌ను పట్టుకున్నాడు. మరుసటి ఏడు నుంచే అది అజినొమోటో పేరుతో అమ్మకానికి వచ్చింది. 1968లో ఒక డాక్టరు, చైనా హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కుతోందని అమెరికా వైద్యపత్రికకు ఓ ఉత్తరం రాశాడు. ఆ ఒక్క ఉత్తరంతో మొదలైన భయం ఇన్నేళ్లయినా మనల్ని వదల్లేదు. అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని ఉప్పు, బేకింగ్ పౌడర్‌లాగే మామూలుగా వాడుకోదగ్గ పదార్థాల్లోనే లెక్కేస్తుంది. మన టొమాటో పప్పులోని టొమాటోలో సహజంగా ఉండేదీ ఆ గ్లుటమేటే. నీ ఒంటికి పడదని నీకు అనుభవమైతే మానెయ్, ఎవరో అన్నారని మాత్రం భయపడకు.

భయపడాల్సింది ఉప్పు గురించి. రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఒక టేబుల్‌స్పూను సోయా సాస్‌లోనే సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, అంటే ఆ రోజు వాటాలో దగ్గర దగ్గర సగం. విమానంలో కూర్చుని కూర్చుని పాదాలు ఎలాగూ ఉబ్బుతాయి, బీపీ ఉన్నవాళ్లకు ఇది తోడైతే ఇంకేమైనా ఉందా? మందు తేలికే. పులుసు తక్కువ వేయమను, పక్కన పెట్టే సోయా సాస్ పొట్లాలు విప్పకు, తెల్లన్నం తీసుకో. షుగరున్నవాళ్లు ఆ నిగనిగలాడే తియ్యటి ముక్కల వైపు చూడొద్దు, ఆ నిగనిగంతా పంచదార పాకమే.

అన్నట్టు ఆ నారింజ రంగు చికెన్‌కు చైనాలో పుట్టిల్లు లేదు తెలుసా? కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఒక షాపింగ్ మాల్‌లో 1983లో మొదలైన పాండా ఎక్స్‌ప్రెస్ అనే కంపెనీకి ఆండీ కావో అనే వంటమాస్టరు 1987లో తయారుచేసిపెట్టిన వంటకం అది. మన గోబీ మంచూరియాకు మంచూరియా మొహం తెలియనట్టే! పరాయి దేశం వెళ్లి, అక్కడివాళ్ల నాలుకకు తగ్గట్టు తీపి పెంచి కారం తగ్గించి బతుకు నిలబెట్టుకున్నవాళ్ల వంట ఇది. అందుకే మన వీధి చివర ఫాస్ట్‌ఫుడ్ బండి మీది నూడుల్స్ రుచి కోసం అక్కడ వెతక్కు. మొదటి ముద్ద తియ్యగా తగిలి "ఛీ" అనిపిస్తుంది. దానికీ మందుంది నా దగ్గర. కందిపొడి చిన్న పొట్లం ఒకటి హ్యాండ్‌బ్యాగులో వేసుకో. 350 మిల్లీలీటర్లు దాటిన పొడులనే అమెరికా సెక్యూరిటీలో వేరుగా తనిఖీ చేయొచ్చు, నీ గుప్పెడు పొట్లాన్ని ఎవరూ పట్టించుకోరు. ఊరగాయ మాత్రం చేతిసంచీలో వద్దు. నూనె తేలే పచ్చడిని ద్రవం కింద లెక్కగట్టి ఆపేస్తే, అమ్మ పెట్టిన ఆవకాయ చెత్తబుట్టలో పడుతుంటే చూడగలవా?

ఇక డబ్బులు. లెక్కేసుకోవద్దని నేననను, అది మన రక్తంలోనే ఉంది. కానీ తెలివిగా లెక్కేద్దాం. 'బౌల్' అంటే మామూలుగా అన్నమో నూడుల్సో ఒకటి, మీద ఒక కూర. 'ప్లేట్' అంటే రెండు కూరలు. అక్కడి వడ్డన మనకు ఒకరికి ఎక్కువ, ఇద్దరికి సరిపోతుంది. ఒక ప్లేటు తీసుకుని, ఖాళీ బాక్సు ఇంకోటి అడిగి పంచుకోండి. సగం అన్నం, సగం నూడుల్స్ పెట్టమన్నా చాలాచోట్ల పెడతారు. బోర్డు మీది ధరకు పైన ట్యాక్స్ పడుతుంది, కంగారుపడకు. కార్డు పెట్టగానే టిప్ ఎంతిస్తావని స్క్రీన్ అడిగితే ఇవ్వాలనిపిస్తే ఇవ్వు, లేకపోతే 'నో టిప్' నొక్కు. వెనక లైన్లో వాళ్లు చూస్తున్నారని చెమటలు పట్టక్కర్లేదు.

వద్దనే అనిపించిందా? అదీ మంచి నిర్ణయమే. ఆవిరి, సరైన జవాబు, టైం. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా వెనక్కి తిరుగు. అరటిపండు, పెరుగు కప్పు, బాదంపప్పుల పొట్లం, బేగెల్ అనే గుండ్రటి రొట్టె చాలా ఎయిర్‌పోర్టుల్లో దొరుకుతాయి. ఫ్రెంచ్ ఫ్రైస్‌తో సరిపెడదామంటే అక్కడా ఒక మాట అడుగు. అమెరికా మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ ఉందని తెలిసి 2001లో శాకాహారులు కోర్టుకెక్కారు, వాళ్లలో హిందువులూ ఉన్నారు. మరుసటి ఏడాది ఆ కంపెనీ క్షమాపణ చెప్పి కోటి డాలర్లకు రాజీ పడింది. బంగాళాదుంపే కదా అని ఊరుకోకూడదన్న పాఠం అప్పుడే నేర్చుకున్నాం.

ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్తే పోలా అంటావు. తీసుకెళ్లు, మొదటి విమానంలో తినేసెయ్. అది కూడా వండిన అన్నమే చెల్లాయ్, ఇరవై గంటలు సంచీలో మగ్గాక డల్లస్‌లో విప్పకు. అక్కడికి అట్టిపెట్టుకోవాల్సింది జంతికలు, వేయించిన అటుకులు, వేరుశనగ ఉండలు. కస్టమ్స్ కాగితమో మనిషో అడిగితే తిండి ఉందని నిజం చెప్పేయ్, చెబితే పోయేదేం లేదు. ఖాళీ బాటిల్ ఒకటి ఉంచుకుని సెక్యూరిటీ దాటాక నింపుకో.

తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే ఎయిర్‌పోర్టు, అదే కౌంటర్. నేను భయపడుతూనే "బిస్కెట్లు కొననా అత్తయ్యా?" అన్నాను. "నాకు ఆకలిగా ఉందే, అన్నం కావాలి" అంది. లైన్లో నాకంటే ముందు తనే నిలబడింది. వంతు రాగానే కళ్లజోడు సవరించుకుని, ట్రేల మీదకు వంగి ఆవిరి చూసింది. తెల్లన్నం ట్రే వైపు చూపుడు వేలు పెట్టి, నేను నేర్పినట్టే అంది. "నో మీట్. నో ఎగ్. నో ఫిష్." కౌంటర్ వెనకున్న పిల్ల నవ్వి, "జస్ట్ రైస్, మామ్" అని అప్పుడే లోపలి నుంచి వచ్చిన ట్రేలోంచి పొగలు కక్కే అన్నం పెట్టింది. అత్తయ్య బల్ల దగ్గర కూర్చుని, జాకెట్టులోంచి పర్సు, పర్సులోంచి కందిపొడి పొట్లం తీసింది. సగం తన అన్నం మీద చల్లుకుని, మిగతా సగం నా వైపు జరిపింది.

"నువ్వు తిన్నావుటే?" అంది.

నేను "ఆకలిగా లేదత్తయ్యా" అనబోయి ఆగాను. వెళ్లి లైన్లో నిలబడ్డాను.

టీ చల్లారిపోతోంది చెల్లాయ్, తాగు. వెళ్లేటప్పుడు కందిపొడి డబ్బా తీసుకెళ్లు, నిన్ననే కొట్టాను.